మిరప కోతకీ కరువు పనికీ గొడవెక్కడ?

మా బాబాయికి ప్రత్తిపాడు దగ్గర మూడెకరాల మిరప చేను ఉంది. ఫిబ్రవరి నెలలో ఆయనకి ఫోన్ చేస్తే వినపడేవి రెండే మాటలు. మిరప యార్డులో రేటు పడిపోయింది. కోతకి కూలోళ్ళు దొరకట్లేదు. రెండోదానికి కారణం కూడా ఆయన దగ్గర రెడీగా ఉంటుంది. "ఆ ఉపాధి పనొచ్చాక అందరికీ ఒళ్ళు బరువెక్కిందిరా. చెట్టు కింద కూర్చుంటే డబ్బులు పడుతుంటే ఎండలో కాయ కొయ్యటానికి ఎవరొస్తారు?"

గుంటూరులో ఏ టీ కొట్టు దగ్గర నిలబడి అడిగినా ఇదే జవాబు వస్తుంది. చాలాకాలం నేనూ తలాడించాను. పోయిన మే నెలలో ఊరెళ్ళినప్పుడు చెరువులో సర్కారు ఉపాధి హామీ పని జరుగుతుంటే రెండు రోజులు పొద్దున్నే వెళ్ళి అక్కడే కూర్చుని చూశాను. అప్పటినుంచీ బాబాయి మాట నాకు సగమే మింగుడు పడుతోంది. కూలోళ్ళు దొరకట్లేదన్నది నిజం. దానికి ఉపాధి పని కారణమా అన్నదే చిక్కు. ఆ ముడి విప్పాలంటే అసలు ఇలాంటి పథకాలు దేనికి పెడతారో ముందు తేల్చుకోవాలి. ఎందుకంటే దీని గురించి వాదించుకునే ఇద్దరు చాలాసార్లు ఒకే పథకం గురించి మాట్లాడుతున్నట్టు ఉండరు.

ఊళ్ళల్లో దీన్ని మహాత్మాగాంధీ జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం అని ఎవరూ అనరు. ఉపాధి పని అంటారు, వంద రోజుల పని అంటారు. కాస్త వయసు మళ్ళినవాళ్ళ నోట ఇప్పటికీ కరువు పనే. ఆ పేరు ఊరికే రాలేదు. 1832-33లో నందన నామ సంవత్సరంలో వచ్చిన కరువుకి గుంటూరు జిల్లాలో మూడో వంతుకి తక్కువ కాకుండా జనం పోయారు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళకి బెజవాడ దగ్గర కృష్ణకి ఆనకట్ట మొదలై 1855కి పూర్తయింది. డెల్టా గట్టెక్కింది గానీ మెట్ట ప్రాంతాలు గట్టెక్కలేదు. 1876-78లో దక్షిణాదిని మళ్ళీ కరువు తొక్కేసింది. తెల్లదొరలు మట్టి పనులు పెట్టి కూలి ఇచ్చారు. మద్రాసులో అడయారు, కూవం నదుల్ని కలిపే 8 కిలోమీటర్ల కాలవని అప్పుడే కరువు పనిగా తవ్వించారు. బకింగ్‌హామ్ కాలవలో అది ఒక ముక్క. ఉత్తరాన పెదగంజాం దాకా వచ్చి, అక్కడ కొమ్మమూరు కాలవతో కలిసి కృష్ణ వరకూ సాగే జలమార్గం అది.

ఆ కరువు పనుల నిబంధనలు చదివితే కడుపు రగులుతుంది. రిచర్డ్ టెంపుల్ అనే అధికారి ఖర్చు తగ్గించాలని మగ మనిషి కూలిని రోజుకి ఒక పౌను ధాన్యం, ఒక అణాకి కుదించాడు. గట్టి మట్టి పని చేసేవాడికి పౌను అంటే అరకిలో కన్నా తక్కువ తిండి. మద్రాసులో ప్రజారోగ్యం చూసే కార్నిష్ అనే డాక్టరు ఇది మనుషుల్ని చంపే కొలత అని గట్టిగా అడ్డం తిరిగాడు. ఇంకో నిబంధన ఉంది. ఒంట్లో సత్తువ ఉన్నవాడికి ఇంటికి పది మైళ్ళ లోపల పని ఇవ్వకూడదు! అంత దూరం నడిచి వచ్చాడంటే వాడికి నిజంగానే తిండి లేదని రుజువట.

మాటలు క్రూరంగా ఉన్నా వెనక ఉన్న ఆలోచన మాత్రం ఇవాళ్టికీ చావలేదు. పేదవాడెవడో తేల్చటం సర్కారుకి పెద్ద తలనొప్పి. తెల్ల కార్డులు, సర్వేలు, సిఫార్సులు ఎన్ని పెట్టినా అందులోకి ట్రాక్టరున్న ఆసామి దూరతాడు, కూలి చేసుకునే ఒంటరి ఆడమనిషి మిగిలిపోతుంది. దానికి బదులు పని కష్టంగా, కూలి తక్కువగా పెడితే ఆ ఆసామి తనంతట తనే రాడు. జల్లెడ పట్టక్కర్లేకుండా జనమే తమని తాము జల్లించుకుంటారు. ఆఫ్రికాలోనైనా, లాటిన్ అమెరికాలోనైనా పేదలకి పబ్లిక్ పనులు పెట్టిన ప్రతిచోటా ఈ లెక్క ఎంతో కొంత ఉంటుంది.

2005 నాటి చట్టం ఈ జల్లెడని ఉంచుకుంటూనే మిగతాదంతా తిరగేసింది. 2006 ఫిబ్రవరి 2న మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలో పథకం మొదలైంది. మొదట 200 జిల్లాలు, 2008 ఏప్రిల్ నుంచి దేశంలోని గ్రామీణ జిల్లాలన్నీ. కుటుంబానికి ఏడాదికి వంద రోజులు. అడిగిన 15 రోజుల్లో పని చూపించాలి, లేకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలి. పని ఊరికి 5 కిలోమీటర్ల లోపు ఉండాలి, దాటితే పది శాతం కూలి ఎక్కువ ఇవ్వాలి. పది మైళ్ళు నడిస్తేనే పని అన్నచోట నుంచి ఐదు కిలోమీటర్లు దాటితే అదనం ఇవ్వాల్సిందే అన్నచోటికి రావటానికి నూట ముప్పై ఏళ్ళు పట్టింది. దయ తలిచి పెట్టే కరువు పని కాస్తా అడిగి తీసుకునే హక్కయింది. కాగితం మీద.

కాగితం కింద ఏముందో చెరువులో చూశాను. పొద్దున ఆరింటికే నలభై మంది దాకా వచ్చేశారు. ముప్పై మందికి పైగా ఆడవాళ్ళే, అందులో సగం మంది యాభై దాటినవాళ్ళు. కూలీల పని, హాజరు చూసుకునే మేట్‌గా ఉన్నది ఇంటర్ చదివిన అమ్మాయి. అందర్నీ వరసగా నిలబెట్టి ఫోన్లో ఫొటో తీసింది. 2023 జనవరి నుంచి ఈ యాప్ హాజరు తప్పనిసరి. సిగ్నల్ కోసం గట్టెక్కి, దిగి, మళ్ళీ ఎక్కింది. తర్వాత గుంటలు పంచుకున్నారు. మాది నల్లరేగడి. మే నెలలో అది నేలలా ఉండదు, పగిలిన పెంకులా ఉంటుంది. గడ్డపార వేస్తే ఠంగుమని తిరిగొస్తుంది. ముందురోజు సాయంత్రమే బిందెలతో నీళ్ళు పోసి నానబెట్టుకున్న గుంటలు కొన్ని ఉన్నాయి. అక్కడ మాత్రం పలుగు దిగుతోంది. గుంట మధ్యలో ఒక మట్టి దిబ్బని తవ్వకుండా వదిలేస్తారు. ఎంత లోతు తవ్వారో తర్వాత కొలిచేవాళ్ళకి అదే సాక్షి.

బాబాయి చెప్పిన చెట్టు కూడా కనపడింది. పదింటికల్లా చాలామంది గుంట పని అయిపోయింది. కానీ మొదటి ఫొటోకి రెండో ఫొటోకి మధ్య నాలుగు గంటలు గడవాలి. అప్పటిదాకా ఆ వేపచెట్టు కింద కూర్చున్నారు. రోడ్డు మీద బండి మీద పోయేవాడికి కనపడేది ఆ అరగంటే.

ఇంకో సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో 2025-26కి ప్రకటించిన కూలి రోజుకి 307 రూపాయలు. అంతా చేతికొస్తుందని చాలామంది అనుకుంటారు. ఇక్కడ కూలి హాజరుని బట్టి కాదు, కొలతని బట్టి పడుతుంది. పదిమంది గ్రూపు ఆరు రోజులు పని చేస్తే అరవై పనిదినాలు. వాళ్ళు తవ్విన మట్టికి కొలత ప్రకారం 15,000 అయిందనుకోండి, తలకి రోజుకి 250 పడుతుంది. నేల గట్టిదైతే, గ్రూపులో ముసలివాళ్ళు ఎక్కువైతే ఇంకా తగ్గుతుంది. చెట్టు కింద కూర్చుని 307 సంపాదించటం అనేది పథకం రూల్సులో లేదు. పనికి రానివాళ్ళ పేర్లు ఎక్కించే దొంగ మస్టర్లు లేవని నేను అనట్లేదు. ఉన్నాయి కాబట్టే మన రాష్ట్రం దేశంలో అందరికన్నా ముందు సామాజిక తనిఖీకి విడిగా ఒక సంస్థ పెట్టింది. ఆ తనిఖీలో తేలింది జనం ముందు చదివే ప్రజావేదిక మండలంలో జరిగిన రోజు వెళ్తే పేర్లతో సహా వినొచ్చు. ఆ దొంగతనం తినేది మాత్రం చెరువులో దిగినవాళ్ళు కాదు.

అక్కడ ఒక పెద్దమ్మని అడిగాను, మిరప కోతకి పోకుండా ఇక్కడికొస్తున్నారని అంటున్నారు కదా అని. ఆవిడ పక్కావిడ వైపు చూసి నవ్వింది.

"మే నెల్లో మిరప కోతేంది బాబూ? చేలల్లో కట్టె పీకి నెలైంది. జనవరిలో కూలోళ్ళని కుదిర్చే మేస్త్రమ్మ ఆటో పంపితే అందరం కోతకే పోతాం. ఇక్కడ కన్నా అక్కడే ఎక్కువిస్తారు."

ఇంటికొచ్చి కేలండరు ముందేసుకున్నాను. మా వైపు పత్తి తీత అక్టోబరులో మొదలై జనవరి దాకా. తెనాలి, దుగ్గిరాల వైపు డెల్టాలో వరి నాట్లు జులై, ఆగస్టు. కోతలు నవంబరు, డిసెంబరు. ఆ వెనకే మినుము. మిరప కోత జనవరి నుంచి మార్చి, ఆలస్యమైతే ఏప్రిల్. ఉపాధి పని జోరుగా సాగేది ఏప్రిల్ నుంచి జూన్, వానలు పడేవరకూ. రెండూ ఒకదాన్నొకటి తాకేది ఏప్రిల్ మొదట్లో ఓ పదిహేను రోజులు. దేశం మొత్తం మీద చూసినా వంద రోజుల పథకంలో ఒక్కో కుటుంబానికి దొరుకుతున్నది దాదాపు యాభై రోజులే. ఏడాదిలో యాభై రోజుల పని, అదీ చేలు ఖాళీగా ఉన్నప్పుడు, మిగతా మూడొందల రోజుల కూలీల్ని ఎలా మింగేస్తుంది?

అలాగని ఉపాధి పనికీ కోత కూలికీ సంబంధమే లేదనటం ఇంకో తప్పు. సంబంధం ఉంది, మనం వెతికే చోట లేదు. ఊళ్ళో పని ఇచ్చేవాళ్ళు నలుగురే ఉండి, అడిగేవాళ్ళు నాలుగొందల మంది ఉంటే కూలి రేటు ఎవరి నోట్లోంచి వస్తుందో వేరే చెప్పక్కర్లేదు. "ఇష్టమైతే రా, లేకపోతే లేదు" అనగలిగేవాడిదే బేరం. మూడు వందల రూపాయల పని ఇంకోటి ఉందని తెలిస్తే, ఒక్కరోజు దానికి పోకపోయినా సరే, ఆ మాట అనే హక్కు రెండో వైపుకి కూడా వస్తుంది.

దీన్ని కొలిచి చూసినవాళ్ళున్నారు, అదీ మన ఉమ్మడి రాష్ట్రంలోనే. ఉపాధి కూలి, పింఛన్లు వేలిముద్రల స్మార్ట్‌కార్డుతో ఇవ్వటం మొదలుపెట్టినప్పుడు ఏ మండలానికి ముందు, ఏ మండలానికి తర్వాత అన్నది లాటరీ పద్ధతిలో తేల్చారు. 157 మండలాల్లో ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్‌తాంకర్ దీన్ని పరిశీలించారు. కార్డులొచ్చిన చోట డబ్బు త్వరగా అందింది, మధ్యలో కారేది తగ్గింది. అసలు విశేషం అది కాదు. పేద కుటుంబాల సంపాదన పెరిగింది, ఆ పెరుగుదలలో చాలా ఎక్కువ భాగం ఉపాధి పని నుంచి రాలేదు. బయట చేలల్లో కూలి రేటు పెరగటం వల్ల వచ్చింది. బయటి పనులు తగ్గినట్టు కూడా కనపడలేదు. అంటే చెరువులో తవ్విన మట్టి కన్నా, చెరువులో పని ఉందన్న కబురే ఎక్కువ పని చేసింది.

నా దృష్టిలో ఈ పథకం ప్రాణం ఇక్కడుంది. కూలి రెండు నెలలు ఆలస్యమైతే పోయేది వడ్డీ మాత్రమే కాదు, ఆ బేరమాడే శక్తి కూడా. "ఎప్పుడు పడతాయో తెలీని డబ్బు కోసం ఈ పని వదులుకుంటావా?" అని అవతలివాడు అడగగలుగుతాడు. యాప్‌లో ఫొటో ఎక్కకపోయినా, ఆధార్‌లో పేరు ఒకలా బ్యాంకులో ఇంకోలా ఉన్నా జరిగేది ఇదే. 2024 జనవరి నుంచి ఆధార్ ద్వారానే చెల్లింపులు తప్పనిసరి అయ్యాక ఇంటిపేరులో ఒక అక్షరం తేడాకి ఎంత టెన్షనో ఏ మీ సేవలోనైనా పావుగంట కూర్చుంటే తెలుస్తుంది.

ఈ ఆడవాళ్ళ కష్టానికి ఇంకో లబ్ధిదారుడున్నాడు, అతన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. పథకంలో ఖర్చయ్యే డబ్బులో కనీసం 60 శాతం కూలికి పోవాలి, సామాగ్రికి 40 దాటకూడదు. ఈ నిష్పత్తిని జిల్లా మొత్తానికి కలిపి చూస్తారు. మన పల్లెల్లో పడిన సీసీ రోడ్లలో, పశువుల షెడ్లలో చాలావాటికి డబ్బు ఆ 40లోంచే వచ్చింది. 2024 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం పల్లె పండుగ పేరుతో మొదలుపెట్టినవీ అవే. కూలి 60 రూపాయలు పడితేనే సిమెంటుకి 40 దొరుకుతాయి. వేసవిలో అధికారులు పనిదినాల టార్గెట్లు పెట్టి ఫీల్డ్ అసిస్టెంట్లని ఎందుకు పరుగెత్తిస్తారో ఇప్పుడు అర్థమై ఉంటుంది. బాబాయి పంటని యార్డుకి తీసుకెళ్ళే రోడ్డులో మొదటి కిలోమీటరు అలాంటిదే.

చెరువులో పూడిక మళ్ళీ వస్తుంది, ఆ పని దండగ అనేవాళ్ళు ఈ పథకాన్ని ఇంజనీరు కళ్ళతో చూస్తున్నారు. ఆస్తి ఏం మిగిలింది అన్నది వాళ్ళ ప్రశ్న. అది తప్పు ప్రశ్న కాదు, కొన్ని చెరువుల్లో జవాబు సిగ్గుచేటు కూడా. కానీ పనిలేని నెలల్లో పూట గడవటానికి పెట్టిన బీమాని ఒట్టి నిర్మాణ కాంట్రాక్టుగా కొలిస్తే ఎప్పుడూ ఫెయిలే అవుతుంది.

మిగతా దేశాలు బీమా, నిర్మాణం అనే ఈ రెంటి మధ్య తలో చోట ఆగాయి. 2005లోనే మొదలైన ఇథియోపియా పథకంలో పనులు ఎక్కువగా జనవరి నుంచి జూన్ మధ్య, చేలల్లో పని లేనప్పుడే పెడతారు. పని చెయ్యలేని ముసలివాళ్ళకీ గర్భిణులకీ పలుగు పట్టించకుండానే సాయం ఇస్తారు. దక్షిణాఫ్రికాలో ఒక పథకం వారానికి రెండు రోజుల చొప్పున ఏడాది పొడవునా పని ఇస్తుంది. చివర్లో కూడితే అదీ వంద రోజులే, కానీ నెలనెలా ఇంట్లోకి డబ్బొస్తుంది. అర్జెంటీనా 2002లో ఆర్థిక వ్యవస్థ కుప్పకూలినప్పుడు ఇంటి పెద్దలకి వారానికి 20 గంటల పనికి నెలకి 150 పెసోలు ఇచ్చింది, పట్టణాల్లో కూడా.

పట్టణం అనగానే మనకి గోడ అడ్డం వస్తుంది. విజయవాడలో పొద్దున్నే ఏ అడ్డా మీద చూసినా తాపీ పనివాళ్ళు, పెయింటర్లు, బరువులు మోసేవాళ్ళు టిఫిన్ బాక్సులతో నిలబడి ఉంటారు. తొమ్మిదిన్నర దాటినా పిలుపు రాకపోతే ఇంటికే. వాళ్ళకి ఏ హామీ లేదు. చట్టం పేరులోనే గ్రామీణ అని ఉంది కదా. గుంటూరు కార్పొరేషన్లో 2012లో పది ఊళ్ళు కలిశాయి. 2021లో మంగళగిరి, తాడేపల్లి కలిపి చుట్టుపక్కల పంచాయతీలతో సహా ఇంకో కార్పొరేషన్ అయ్యాయి. అక్కడ పొలాలు పొలాలుగానే ఉన్నాయి, కూలి చేసేవాళ్ళు కూలీలుగానే ఉన్నారు. బోర్డు మారింది, ఉపాధి పనికిచ్చే జాబ్ కార్డు చెల్లకుండా పోయింది. కేరళ 2010లోనే, రాజస్థాన్ 2022లో పట్టణాలకి సొంత పథకాలు పెట్టుకున్నాయి. మన దగ్గర అమరావతి భూసమీకరణ ప్యాకేజీలో రాజధాని ఊళ్ళ కుటుంబాలకి ఏడాదికి 365 రోజులూ ఉపాధి హామీ అని రాశారు. భూమి తీసుకునేటప్పుడు ఇచ్చిన మాటలు ఎలా నిలిచాయో ఆ ఊళ్ళ కూలీలని అడగాలి.

ఇప్పుడు చట్టమే మారింది. 2025 డిసెంబరులో పార్లమెంటు 2005 చట్టం స్థానంలో వీబీ-జీ రామ్ జీ (వికసిత్ భారత్ గ్రామీణ ఉపాధి, జీవనోపాధి హామీ) అనే కొత్త చట్టం తెచ్చింది. రోజులు వంద నుంచి 125 అయ్యాయి. ఇదివరకు మట్టి పని కూలి మొత్తం కేంద్రమే భరించేది. ఇకపై మన లాంటి రాష్ట్రాలు 40 శాతం పెట్టుకోవాలి. ఏ రాష్ట్రానికి ఎంతో కేంద్రం ముందే గీత గీస్తుంది, దాటితే రాష్ట్రం జేబులోంచి. ఖజానాలో డబ్బు చూసుకుని పని ఇవ్వటానికీ, అడిగారు కాబట్టి ఇవ్వటానికీ ఉన్న తేడా నాకు ఇక్కడ కనపడుతోంది. రోజులు పెరిగాయని పండగ చేసుకునేముందు, ఉన్న వందలో యాభైయే ఎందుకు దొరికాయో గుర్తు చేసుకోవాలి.

మిరప చేలకి నేరుగా తగిలే నిబంధన ఇంకోటి ఉంది. విత్తే కాలం, కోత కాలం చూసుకుని ఏడాదిలో మొత్తం 60 రోజులు ఈ పనులు ఆపేయాలి. ఎప్పుడెప్పుడో రాష్ట్రం ముందే ప్రకటించాలి. ప్రాంతాన్ని బట్టి వేర్వేరుగా ప్రకటించొచ్చు.

బాబాయికి ఫోన్ చేసి చెప్పాను. "ఇప్పటికి బుద్ధొచ్చింది గవర్నమెంటుకి" అన్నాడు. ఏ అరవై రోజులు ఆపమంటావ్ అని అడిగాను. జనవరి, ఫిబ్రవరి అన్నాడు. తెనాలి వైపు వాళ్ళు నవంబరు, డిసెంబరు అడుగుతారుగా, పత్తి రైతు అక్టోబరు అంటాడుగా అన్నాను. వాళ్ళ సంగతి వాళ్ళు చూసుకుంటారన్నాడు.

ఆయన చేలో కోతకొచ్చేవాళ్ళలో సగం మంది మా ఊరివాళ్ళు కాదు. కర్నూలు జిల్లా కోసిగి, ఆదోని వైపు నుంచి సంక్రాంతి దాటాక పిల్లాజెల్లాతో, వంట గిన్నెలతో లారీలెక్కి వస్తారు. సుగ్గికి పోవటం అంటారు దాన్ని వాళ్ళు. చేల గట్ల మీదే గుడిసెలేసుకుని మార్చి దాకా ఉంటారు, బడికి పోవాల్సిన పిల్లలు కాయల కుప్పల దగ్గర ఉంటారు. ఆ నెలల్లో వాళ్ళ ఊళ్ళల్లో చేను పని ఉండదు. అక్కడ ఉపాధి పని సరిగా నడిచి, డబ్బు వారంలో పడితే కొందరు రారు. వచ్చినవాళ్ళు కూడా రేటు గట్టిగా అడుగుతారు.

అదే చెప్పాను. గుంటూరు మిరప కోసమని ఆ రెండు నెలలు అక్కడ కూడా పని ఆపేస్తే ఆ జనం ఏం చేస్తారు బాబాయ్ అని అడిగాను.

"ఏం చేస్తారు, ఇటే వస్తారు. మనకి మంచిదేగా."

మరి కూలి రేటో అన్నాను.

ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. 2025 ఫిబ్రవరిలో రేటు పడిపోయినప్పుడు కేంద్రం క్వింటాకి 11,781 రూపాయలు ఖరారు చేసింది. అంతకుముందు ఇరవై వేలు చూసిన రైతు ఆయన. పెట్టుబడిలో ఎరువూ పురుగుమందూ ఆయన చేతిలో లేవు, యార్డు రేటూ లేదు. బేరమాడగలిగింది కోత కూలి ఒక్కటే.

"ముందు ఇవాళ యార్డులో తేజా రకం కాయ ఎంతుందో కనుక్కుని చెప్పరా" అన్నాడు.